తలుపు ఖర్చు మనదే

లేపాక్షి,
ఆదివారం.

అమ్మకు నమస్కరించి పెద్దకూతురు హేమలత రాస్తున్నది.

ఈ ఉత్తరం రాసే వేళకు ఇక్కడ అందరం క్షేమం. పుణేలో నువ్వు, చెల్లెలు భాగ్యశ్రీ, పసిబిడ్డ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. కుట్లు బాగా మానేదాకా చెల్లెల్ని బరువులు ఎత్తనివ్వకు. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకు అంటావేమో. ఫోన్‌లో నువ్వు నన్ను సగం మాటకే ఆపేస్తావు. ఇది మాత్రం చివరిదాకా వినాలి.

హిందూపురం ఇంట్లో అద్దెకున్న ఉదయ్ కుమార్‌కు బెంగళూరులో పని దొరికింది. అతనూ భార్య మంజు నిన్న ఇల్లు ఖాళీ చేశారు. నేను ధర్మవరం నుంచి పొద్దున రైలుకే వెళ్లాను. వాళ్లు చేరిన రోజు తీసిన ఫోటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. అవి చూసుకుంటూ ముగ్గురం గది గదీ తిరిగాం.

గోడల రంగు పోయిందని, అడ్వాన్సులో కోయమని రాశావు. మూడేళ్లు కాపురమున్న ఇంట్లో రంగు వెలిసిపోవడం మామూలే. పడకగదిలో చెమ్మ మాత్రం మన మిద్దె మీది ట్యాంకు కారి వచ్చింది. దానికి వాళ్లను అడగడం న్యాయం కాదని వదిలేశాను. వంటింటి గట్టు రాయి అంచు పగిలిన మాట నిజమే. మంజు తనే చూపించింది. "రోలు పెట్టి దంచినానక్కా, పెచ్చు లేచిపాయె. దానికెంతయితే అంత దుడ్లు పట్టుకోండి" అంది. మేస్త్రిని పిలిచి, అతను చెప్పినంతే పట్టుకున్నాను.

ఇక బాత్రూమ్ తలుపు. ఎదురింటి ముత్యాలప్ప నీకు ఫోన్ చేసి, తాగి గొడవపడి పగలగొట్టారని చెప్పాడు కదా. నిజంగానే గడియ ఊడిపోయి, చెక్క నిలువునా చీలి ఉంది. ఉదయ్‌ని సూటిగానే అడిగాను.

"నేనే తన్నినా అక్కా. కొత్త తలుపు ఖర్చు పట్టుకోండి" అన్నాడు తల దించుకుని.

"ఎందుకు తన్నినావప్పా?"

మాట తప్పించి తాళాలు నా చేతిలో పెట్టబోయాడు. తాగుబోతు ఇంట్లో ఈ పిల్ల ఎలా వేగిందో అని మంజు వైపు చూశాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంగా ఎన్నాళ్లు దాస్తావు? నిన్ను తాగుబోతనుకుంటాండారు" అని మొగుడి మీద అరిచి, నాతో చెప్పింది.

అమ్మా, ఇక్కడినుంచి కూర్చుని చదువు. నాయన ఇప్పుడు బాగున్నాడు. నా ఎదురుగానే ఉన్నాడు.

నువ్వు పుణే వెళ్లిన వారానికి నాయన నీళ్ల మోటారు చూడటానికి ఆ ఇంటికి వెళ్లాడట. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినలేదు. కళ్లు తిరుగుతున్నాయని బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. ఉదయ్ తలుపు తన్ని పగలగొట్టి చూస్తే నేల మీద పడి ఉన్నాడు. భుజాన వేసుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ముత్యాలప్ప ఆ పూట ఊళ్లో లేడట, తర్వాత పగిలిన తలుపు చూసి గొడవనుకున్నాడు. ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడట. ఆ రాత్రంతా ఉదయ్ అక్కడే ఉన్నాడు. తెలివి రాగానే నాయన చేసిన మొదటి పని, ఎవరికీ చెప్పవద్దని వాళ్లిద్దరి చేత ఒట్టు వేయించుకోవడం. తలుపు తనే బాగు చేయిస్తానని చెప్పాడు కానీ, చేయిస్తే ముత్యాలప్ప కారణం అడుగుతాడని జంకి ఊరుకున్నాడు.

ఆ ఒట్టు కోసం ఉదయ్ చెడ్డపేరు మోశాడు, సొంత డబ్బులు వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు. గట్టు రాయికి తప్ప మిగిలిన అడ్వాన్సంతా వాళ్ల చేతిలో పెట్టాను. తలుపు ఖర్చు మనదే. ముత్యాలప్ప వాకిట్లోకి వెళ్లి, అతను అన్న మాట తప్పని అందరి ముందూ చెప్పాను.

అక్కడినుంచి నేరుగా ఇక్కడ మన ఇంటికి వచ్చి నాయనను నిలదీశాను.

"మీ యమ్మకు తెలిస్తే ఆడ బాలింతను ఇడిసిపెట్టి వస్తాది పాపా. అందుకే చెప్పలే" అన్నాడు.

"నేను ఈడనే ఉండా గదా నాయనా. నాకన్నా చెప్పొద్దా?"

నేను నీకు రాస్తున్నానంటే నాయన వద్దనలేదు.

నువ్వు బయలుదేరవద్దు. భాగ్యశ్రీకి నీ అవసరం ఇప్పుడే ఎక్కువ. నాయనను రేపు ధర్మవరం తీసుకెళ్తున్నాను. నువ్వు వచ్చేదాకా నా దగ్గరే ఉంటాడు. డాక్టర్‌కు చూపిస్తాను, వేళకు తినిపిస్తాను. పొలం పక్క చేను చిన్నప్ప చూసుకుంటానన్నాడు. నేను చూసుకోగలనమ్మా. కోపమంతా నాయన మీద పెట్టుకో, అక్కడే ఉండి పెట్టుకో.

ఇంతదాకా రాసింది చదివి వినిపించాను. నాయన చివరిదాకా విన్నాడు. తర్వాత, "లోపల పడిపోయేటప్పుడు కౌసల్యా అని పిలిచినా. మీ యమ్మ పుణేలో ఉండాదని గూడా ఆ పొద్దు గుర్తుకు రాలే. ఆ మాట గూడా రాయి" అని లేచి బయటికి వెళ్లిపోయాడు.

రాశాను.

ఇట్లు,
ఇక్కడి బరువు ఎత్తుకున్న
నీ పెద్దకూతురు
హేమలత