ఆవు చెవి బిళ్ల, నా కూతురి రక్తం

ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కూతురు నీవెస్ రక్తపరీక్ష ఫలితం ఇప్పించుట గురించి, కుదరనిచో ఆమెను పశువుల జాబితాలో చేర్చుట గురించి.

సమస్త జనులకూ, ముఖ్యంగా తమకూ ఇందుమూలముగా ప్రకటించునది ఏమనగా: తమ కార్యాలయపు వరండాలో బెంచీకి ఒక కాలు పొట్టి. గోడ గడియారం ఆగిపోయింది. కాఫీ యంత్రం చిల్లర మింగి కాఫీ ఇవ్వదు. ఇవి ఎవరో చెప్పగా విన్నవి కావు. ఆ బెంచీ మీద ఊగుతూ వేసవంతా గడిపిన మనిషిని.

రివాస్కురా ఊళ్లో నది ఒడ్డున కాపురముంటున్న క్విరీనో తాషోత్తి అను నేను చేసుకొను మనవి:

1. మాకు ఎగువన పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండేది. అది పోయింది. అది పాతిపెట్టిన పీపాలు పోలేదు. వాటిలోని విషం నదిలోకి, నదిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి పాలలోకి వచ్చిందని తమ శాఖవారే సెలవిచ్చారు. ఆ పాలు తాగినవాళ్ల సంగతి మాత్రం సెలవివ్వలేదు.

2. తమ వరండాలో ఎడమ తలుపు పశువులది, కుడి తలుపు మనుషులది. ఎడమ తలుపువారు మా ఆవు కోంతెస్సా పాలు పరీక్షకు పట్టుకెళ్లారు. వారం తిరక్కుండా పాలలో విషం ఉందని ఫలితం వచ్చింది, దాని వెనకే లారీ వచ్చి ఆవును కోతకు తీసుకుపోయింది. ఆ నెలలోనే కుడి తలుపువారు నీవెస్ రక్తం తీశారు. పుట్టిన దగ్గర్నుంచీ మా ఆవుల పాలు తాగి పెరిగిన పిల్ల. ఆ రక్తం ఏమైందో నేటికీ ఎవరికీ తెలియదు.

3. నీవెస్‌కు నెలలు నిండాయి. పుట్టే బిడ్డకు తన పాలు పట్టవచ్చా, డబ్బా పాలు కొనాలా అన్నది ఆమెకు తెలియాలి. "నాన్నా, కోంతెస్సాకి చెప్పారు కదా, నాకెందుకు చెప్పరు?" అంటోంది. ఊళ్లో అందరినీ ఆటపట్టించే నోరు నాది. ఈ ప్రశ్నను మాత్రం ఉన్నదున్నట్టు తమ కార్యాలయానికి మోసుకొచ్చాను.

4. తమ గుమాస్తా దెజిదేరియా గారిని అడిగాను.

"ఆవుది అంత తొందరగా ఎలా వచ్చిందమ్మా?"

"దానికి చెవి బిళ్ల ఉందిగా క్విరీనో. నంబరు కొడితే వచ్చేస్తుంది. పైగా దాని పాలు బజారుకెళ్తాయి."

"మా అమ్మాయి పాలు కూడా ఒకరు తాగుతారమ్మా."

"నీ వెటకారాలు నా దగ్గర కాదు. గురువారం రా."

"ఏ గురువారం?"

"తలుపేస్తున్నా, జరుగు."

5. కావున నీవెస్ చెవికి ఒక పసుపు బిళ్ల వేయించి, ఆమెను ఎడమ తలుపువారికి అప్పగించ ప్రార్థన. ఆమె ఒప్పుకుంది. "లారీ మాత్రం రాకూడదు నాన్నా" అంది.

6. వట్టి చేతులతో రావడం మా వైపు మర్యాద కాదు గనుక అర్జీతో పాటు బుట్టెడు రికొత్తా జున్ను సమర్పించుకుంటున్నాను. బల్ల మీద ఏది పెట్టినా తమరు ముందు రుచి చూసి, తర్వాతే కాగితం చదువుతారని విన్నాను. పీపాల పక్కన మేసే మా గొర్రెల పాలతో ఈ ఉదయమే చేసినది.

తిన్నంత తిని, మిగతాది చిత్తగించవలెను.

తమ విధేయుడు,
క్విరీనో తాషోత్తి
(కుంటి బెంచీ, ఎడమ చివర)

తా.క.: చెంచా కింద పెట్టారా? డాక్టరుకు ఫోను చేయకండి. మాకు గొర్రెలు లేవు, ఎన్నడూ లేవు. ఆ జున్ను పట్నంలో సూపర్‌మార్కెట్‌లో కొన్నది, డబ్బా మూత తీసి బుట్టలో బోర్లించింది నేనే. గొర్రెల మాట పూర్తిగా నా కల్పన. మిగతాదంతా నిజం. ఆరో అంశం నుంచి ఇక్కడికి వచ్చేసరికి తమ చెయ్యి పొట్ట మీదికి వెళ్లే ఉంటుంది. నీవెస్ చెయ్యి వసంతం నుంచీ అక్కడే ఉంది. ఆమెకు తా.క. రాయవలసింది తమరు.