ఖాళీ అని నేను చెప్పిన గూడు

ఆగస్టు 3, 1938
విరిగిన కాలికి వెదురు బద్దల కట్టు. నెల దాకా అడుగు వేయొద్దట. నేను పాఠాలు చెప్పే ఎల్లారెడ్డి బడికి సెలవు చీటీ పంపాను. అన్న నన్ను తీసుకొచ్చి పొలంలో, బావి దగ్గరి కొట్టంలో మంచం మీద పడేశాడు. ఎదురుగా తుమ్మచెట్టు, బావి మీదికి వంగిన కొమ్మల నిండా గిజిగాళ్లు. మంచిదే. చూస్తాను.

ఆగస్టు 6
పసుపు తల ఉన్నది మగది. గూడు సగం అల్లి, అంచు పట్టుకుని వేలాడుతూ రెక్కలు కొట్టి ఒకటే అరుపు. ఆడపిట్ట వచ్చి పోచలు లాగి చూస్తుంది — నచ్చకపోతే తుర్రు. ఇక్కడ పెళ్లిచూపుల్లో తల వంచుకునేది మగపెళ్లివారే!

ఆగస్టు 9
ఒకడికి, వాడి సోకు చూసి, షోకిలా అని పేరు పెట్టాను. నాలుగుసార్లు కాదనిపించుకున్నాడు. ఈరోజు ఒకతె ఒప్పుకుంది. నాకే సంబంధం కుదిరినంత సంతోషం.

ఆగస్టు 15
అన్న గడకర్రకు కొడవలి కట్టుకొచ్చాడు. "వరి పాలు పోసుకునే నాటికి ఇవన్నీ చేను మీద పడ్తయి. గూండ్లన్నీ కోస్త."
చాలాసేపు వాదించాను. చివరికి — "సరే, సంసారం ఉన్నయి ఉంచుదం. ఖాళీగున్నయి నువ్వే చూపియ్యి, గవ్విటినే కోస్త."
నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆగస్టు 18
షోకిలా గూడు విడిచిపెట్టాడు. పక్క కొమ్మకు ఇంకొకటి అల్లుతున్నాడు, ఇంకొకదాన్ని పిలుస్తున్నాడు. పాత గూట్లో చప్పుడు లేదు. ఖాళీ. అనుమానమే లేదు.

ఆగస్టు 20
అదిగో, అది — అని చూపించాను. అన్న కోశాడు. గట్టు మీద పడింది. నాకు అన్నం తెచ్చిన, మా పొలంలో కూలి చేసే సాయవ్వ గూట్లో చేయి పెట్టి తీసి, నా ముందు చాపింది. మూడు తెల్ల గుడ్లు. ఒకటి పగిలింది. రెండు ఇంకా వెచ్చగా...
"మగది వెళ్లిపోయింది కదా" అన్నాను.
"మొగడు పోతే ఇల్లు ఖాళీ అయితదా పటేలా?"
ఆమె మొగుడు పోయి ఆరేళ్లు. నలుగురు పిల్లలు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్ని రోజులూ పసుపు తలలనే చూశాను. మట్టిరంగు ఆడపిట్టను ఒక్క పూట కూడా సరిగ్గా చూడలేదు.

అదే రోజు, సాయంత్రం
రెండు గుడ్లూ లోపల పెట్టించి, గూటిని తాడుతో అదే కొమ్మకు కట్టించాను. "గిట్ల కడితే వస్తదా?" అన్నాడు అన్న. వస్తుందన్నాను. గట్టిగానే అన్నాను.

ఆగస్టు 21
ఆడపిట్ట వచ్చింది! తాడు మీద వాలింది. అన్న కింద గడకర్ర పట్టుకుని నిలబడ్డాడు. "మిగిలినయి చెప్పు. ఏవి ఖాళీ?"
"ఒక్కటీ కాదన్నా."
నిజమో కాదో నాకు తెలియదు. అన్న నా ముఖమే చూస్తున్నాడు. పిట్ట ఇంకా తాడు మీదే ఉంది, లోపలికి పోలేదు.