ఉబ్బిన తలుపు

అమలాపురం, శ్రావణ మంగళవారం

బిగుసుకున్న తలుపును తెరిచే ముందు, అందుకు కారణాన్ని విద్యార్థులకు బోధించుట విధాయకం.

ఎండాకాలంలో ప్రిన్సిపాల్‌గారి గదికి కొత్త తలుపు బిగిస్తుంటే, వానలకు కర్ర నీరు పీల్చి ఉబ్బుతుంది, కాస్త సందు వదలమన్నాను. "నీళ్లేనా, టీ కూడా తాగుద్దాండీ మాస్టారూ?" అని ఆయన నా క్లాసు ముందే నవ్వారు. పిల్లలూ నవ్వారు.

నేటి ముసురుకు ఆయన లోపలే చిక్కుకున్నారు. క్లాసు మొత్తాన్నీ ఆ తలుపు దగ్గరకు నడిపించాను.

"తలుపు తీయించండి మాస్టారూ!"

"ఆయ్, పాఠం జరుగుతోందండి."

కర్ర నిలువునా పెద్దగా పెరగదనీ, అడ్డంగానే ఉబ్బుతుందనీ ఒక్కొక్కరిచేత అంచు తడిమించి మరీ చెప్పాను. బెల్లు కొట్టాకే వడ్రంగిని పిలిచాను. జాలి కలగలేదు, అదొక్కటే కాస్త కలవరం...

ఇకపై ఉబ్బిన తలుపు వెనకనున్నవారు ఎంతటి అధికారులైనా పాఠానికి హాజరైనట్టే లెక్క. సందేహమున్నచో లోపలి నుంచే చెయ్యి ఎత్తవలెను. ఇది అంతిమ నిబంధన.