గడియారం పెద్దదైంది

ప్రియమైన అక్కకి,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఇది పూర్తిగా చదువు, తిట్లు ఆఖర్న పెట్టుకో.

ఎప్పుడు చూసినా ఆ లినక్సు కంప్యూటరూ నువ్వూనా అని దెప్పుతావు కదా. నిజమే, క్రేను దిగి గదికొస్తే నాకదే లోకం. కంప్యూటర్ తెర మీద వాల్‌పేపర్, ఐకాన్లు, మూలన గడియారం, అన్నీ నా చేత్తో మార్చుకున్నవే. నెలకోసారి తెర ఫోటో తీసి మా ఆన్‌లైన్ ఫోరంలో పెట్టి, ఎవరిది అందంగా ఉందో చూసుకుని మురిసిపోతాం. ఈ నెల నాది పెట్టగానే ఒకాయన నా ఆర్నెల్ల ఫోటోలూ వరసగా అతికించి, "గడియారం ఆవగింజంత ఉండేది, గుమ్మడికాయంత అయిందేంటి తాతగారూ" అని రాశాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

కనపడక ఒక నెల కొంచెం, ఇంకో నెల ఇంకొంచెం పెంచుతూ పోయాను. అందం కోసమేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, కుడికన్ను మధ్యలో మచ్చ ఉంది, కళ్ళజోడుతో పోయేది కాదన్నాడు. నేను కూర్చుని క్రేను నడిపే క్యాబిన్ ఆరంతస్తుల ఎత్తు. కింద కొక్కేనికి గొలుసులు తగిలించేది బావ.

వచ్చే శుక్రవారం కంపెనీవాళ్ళ కంటి పరీక్ష. చార్టు మొత్తం బట్టీ పట్టేశాను. నాకీ పని తప్ప ఇంకోటి రాదక్కా. పదేళ్ళ అలవాటు, చేతులకి తెలుసు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు, అందుకే రాశాను. బావకి మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం మీ బావకి చూపించాను. తిట్టుకుంటే తిట్టుకో. ఆయన చదివి, మడిచి, "నాకు రెండు నెలల నుంచీ తెలుసు" అన్నారు. నువ్వు దింపే ఇనప దూలాలు గుర్తుకి జానెడు అవతల పడుతున్నాయట. మిగతావాళ్ళకి ఏదో ఒక పని పురమాయించి దూరంగా పంపేసి, కొక్కెం కింద రోజూ ఆయనొక్కరే నిలబడుతున్నారట.

"మరి మీరెందుకు చెప్పలేదు" అని అడిగాను. "వాడే చెబుతాడని చూస్తున్నా. నేను చెబితే పోయేది ఉద్యోగమే కాదు, వాడి పరువు కూడా" అన్నారు. నాకు ఏడుపు రాలేదురా, ఒళ్ళు మండింది. మీ ఇద్దరి పెద్దమనిషితనాల మధ్య నా పిల్లలేమైపోవాలి? బట్టీ పట్టిన చార్టు నీ ఉద్యోగం నిలబెడుతుందేమో, పడే దూలాన్ని ఆపుతుందా?

సోమవారం ఆయనది పొద్దుటి షిఫ్టు. మానేయమంటే వినరు. పైన ఎవరుండాలో నువ్వే తేల్చుకో.

అక్క

అక్కా,

సోమవారం నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, దించేశాను. క్రేను తాళం సూపర్‌వైజరు చేతిలో పెట్టి కంటి సంగతి చెప్పాను. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అందరి ముందూ కడిగేశారు. స్టోర్సులో ఏదైనా పని చూస్తానన్నారు, చూస్తారో లేదో. భయంగానే ఉందక్కా, కానీ నిన్న చాన్నాళ్ళకి కంటినిండా నిద్రపోయాను.

నా బదులు వేరే ఆయన పైకెక్కారు. బావ అంతా చూస్తూనే ఉన్నారు. ఏమంటారోనని బిక్కచచ్చి నిలబడ్డాను. ఆయన నేరుగా కొక్కెం దగ్గరికి వెళ్ళి, దూరంగా పంపించినవాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచి, తన పక్కన నిలబెట్టుకున్నారు.

నీ చిన్నోడు