పై అంతస్తు బుట్ట

ఏవండీ, పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. నీళ్లు పదింటిదాకే వస్తాయి, మోటారు వేయడం మర్చిపోకండి.

చాందినీ చౌక్‌లో కార్లు రాకుండా ఆపి రోడ్డు బాగుచేశాక మీకు సాయంత్రం నడక అలవాటైంది, సంతోషమే. లిఫ్టు లేని బిల్డింగు కాబట్టి పై అంతస్తు రుచికా జీ తాడుతో బుట్ట దించుకుంటుంది, అదీ సరే. కానీ నిన్న ఆ బుట్ట మన వంటింటి కిటికీ ముందు నుంచే పైకి వెళ్లింది. కూరగాయల మీద వేడి జిలేబీ పొట్లం. "థాంక్యూ భాయ్‌సాబ్!" అని ఆవిడ కిందున్న మిమ్మల్ని చూసి అరవడమూ వినపడింది. మీరు మాత్రం ఖాళీ చేతులతో వచ్చి, "ఆకలేస్తోంది, ఏముంది?" అన్నారు.

నాకు మెట్రో టైమైంది.

ఛాయ

తా.క. మన బాల్కనీకీ ఒక బుట్ట కట్టాను. ఎర్రది. సాయంత్రం నేనే పైకి లాగుతాను, బరువుగా ఉండాలి.