దిండు కింది ఫోటో

మాదాపూర్,
హైదరాబాదు.

అమ్మకు, దండం పెట్టి సరళ రాస్తా ఉండేది. నేను బాగుండాను. నువ్వు, నాన్న, అన్న, వదిన అందరూ బాగుండారనుకుంటా. నీ మోకాలి నొప్పి ఎట్లుంది? మందు పూసుకుంటాండావా, లేకపోతే సీసా ఇంకా గూట్లోనే ఉందా? నిజం రాయి.

ఇక్కడ చలి మొదలయింది. పొద్దున్నే హఫీజ్‌పేట్‌లో మా రూము బయటికొస్తే మంచులో ఎదురింటి గేటు కూడా కనపడదు. మాదాపూర్‌లో బస్సు దిగి ఆఫీసుకు నడిచే దావంతా ఇంటింత బండరాళ్లు, వాటి నడుమ మా అద్దాల బిల్డింగు. ఆ అద్దాల్లో మబ్బులు మెల్లగా పోతా ఉంటే చూస్తా నిలబడిపోతా. నేనూ వాటితోపాటే యాడికో పోతాండానేమో అనిపిస్తుంది. లోపల ఏసీ చలికి నీ పాత శాలువా కప్పుకొని కూర్చుంటా. నవ్వుతారు, నవ్వనీలే. తిండికేం తక్కువ లేదు గానీ, మన బొరుగుల ఉగ్గాని మాత్రం యాడా దొరకదు.

నా పనేందో మళ్లీ అడిగినావు. బొంబాయిలో ఒక వజ్రాల అంగడి ఉంది. వాళ్ల రాళ్ల ఫోటోలు మేము ఇంటర్నెట్‌లో పెడతాం. యాడో అమెరికాలో కూర్చున్నోళ్లు ఆ ఫోటో చూసి కొంటారు. వజ్రాల పని అని పేరే గానీ, ఇంతవరకు ఒక్క వజ్రాన్నీ నేను కళ్లారా చూడలేదమ్మా.

అవ్వ ఇచ్చిపోయిన ముక్కుపుడక రాయి కళ్లంలో రాలిపోయినప్పటి నుంచి నువ్వు ముక్కుకు వేపపుల్ల పెట్టుకొని తిరుగుతాండావు. మా అమ్మ ఇచ్చింది పోగొట్టినా, అందుకే ఆమె కల్లోకి కూడా రాదు, కోపం పోలేదు అని ఎన్నిసార్లు ఏడ్చినావో నాకు తెలుసు. అందుకే గదా నీకోసం ఒక చిన్న రాయి చూసి పెట్టినా. మూడు రాత్రులు దిండు కింద పెట్టుకొని, మంచి కల వస్తేనే గదా వజ్రం ఇంట్లోకి తెచ్చుకునేది అన్నావు. కొనకముందే బొంబాయోళ్లు రాయి పంపరు. ఎట్లుంటుందో చూస్తావని ఫోటో పంపితే, నువ్వు దాన్నే దిండు కింద పెట్టుకొని పడుకున్నావు! అవ్వ వచ్చి నీ ముక్కు తడిమి నవ్విందని, రాయి కలిసొచ్చింది, తీసుకోమని రాసినావు. ఆ జాబు చదివి ఆఫీసులోనే ఏడ్చేసినా.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం అమెరికా ఆమె ఎవరో, ఫోటోలో ఉండేది ఇది కాదని రాయి వాపసు పంపింది. ఫోటోలు ఎక్కించేది నా పక్కసీటు యాదగిరన్న, ఈ ఊరాయనే. తల పట్టుకున్నాడు. "ఏంది చెల్లె, గుండ్రటి రాళ్లన్నిటికి ఒక్కటే ఫోటో పెట్టమన్నరు, పెట్టిన. ఇప్పుడు నన్ను పరేషాన్ చేస్తున్నరు" అన్నాడు.

"అన్నా, మరి మా అమ్మ రాయి?" అన్నా.

"గది గూడ గుండ్రటిదే గద. జర ఆగు, ఫికర్ చేయకు. దాని అసలు ఫోటో తెప్పిస్త."

తెప్పించినాడు. ఆ ఫోటో ఈ కవర్లో పెట్టినా, చూడు. ముందు ఫోటోలో ఉన్నంత మెరుపు లేదు. అంచున చిన్న నల్లచుక్క కూడా ఉంది. నాకెందుకో ఇదే ముద్దొచ్చింది, ఎందుకంటే ఇది నిజంగా ఉండే రాయి. ఇంక మీదట ఏ రాయికి ఆ రాయి ఫోటోనే పెట్టాలని ఆఫీసులో గట్టిగా చెప్పేసినారు. ఫోటోను నమ్ముకునే మన పిచ్చి ఆ అమెరికా ఆమెకు కూడా ఉందిలే!

దీన్ని మళ్లీ దిండు కింద పెట్టుకో. నీ మనసుకు నచ్చకపోతే వద్దని రాయి, వదిలేద్దాం. నీ జాబు వచ్చేదాకా ఎవురికీ అమ్మొద్దని చెప్పిపెట్టినా. ఇటు వచ్చేవాళ్లు ఎవరన్నా ఉంటే చెనిక్కాయల పొడి పంపించు. నాన్నకు, అన్నకు, వదినకు నా నమస్కారాలు. పెద్దమ్మను అడిగినానని చెప్పు.

ఆ కల మాత్రం ఉత్తదైపోయిందని దిగులు పడొద్దమ్మా. ముందు పంపిన ఫోటో ఏ రాయిదో యాదగిరన్నకు కూడా తెలియదు. అది మనింటికి వచ్చేదే కాదు. మరి అవ్వ దేనికొచ్చినట్లు? ఆమెకు నీమీద కోపం లేదు. ఊరికే నిన్ను చూసిపోదామనే వచ్చింది.

నీ దీవెనతో చల్లగా ఉండే,
నీ కూతురు
సరళ