గేర్ల కారే తెస్తన్నాను

మావా,

సేపల పులుసు ఉట్టి మీద ఎట్టాను. పిల్లి రాకుండా తలుపేసుకుని తిను. మీ అమ్మకి ముల్లు తీసి పెట్టు.

నాను, మా తమ్ముడు గురువులు వన్ టౌన్ ఎల్తన్నాం. ఊరెల్లిపోతన్న ఆ దొర అమ్ముతన్న రెండు స్పోర్ట్సు కార్లలో గేర్లదే తెస్తన్నాను. ఆటోమేటిక్‌ది కొంటే నాను కూడా తోలీస్తానని నీ బయం. అందుకే కదా ఇన్నాళ్లబట్టీ ఏదీ తేల్సవు? గేర్లెయ్యడం గురువులు తన లారీ మీద నాకెప్పుడో నేర్పీసినాడు. స్కూటరు తప్ప తోలడం రానిది నీకే. నీకూ నేర్పుతాను, కసురుకోను.

సాయంత్రం ఇస్త్రీ సొక్కా ఏసుకుని గుమ్మంలో ఉండు. బీచ్ రోడ్డుకి తీసుకెల్తాను.

నారాయణమ్మ

మరిసిపోనాను. దాన్లో ఉన్నవి రెండే సీట్లు. ముందు మీ అమ్మని తిప్పాలి. గేర్లదే తెమ్మన్నది ఆవిడే.